బ్రౌజరులో కాగితం: పీడీఎఫ్ వీక్షణ, ముద్రణల పూర్వకథ

పీడీఎఫ్ అనే పొట్టి పేరుతో లోకమంతా పిలిచే పోర్టబుల్ డాక్యుమెంట్ ఫార్మాట్, ఒక కంప్యూటరులో తయారైన పత్రం మరే కంప్యూటరులో తెరిచినా, మరే ప్రింటరులో అచ్చు వేసినా అక్షరం పొల్లు పోకుండా అదే రూపంలో కనిపించాలన్న సంకల్పంతో పుట్టింది. వెబ్ బ్రౌజరు పుట్టుక దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంది. తెర వెడల్పును బట్టి వాక్యాలు విరిగి, చదివేవారి ఇష్టాన్ని బట్టి అక్షరాలు పెద్దవీ చిన్నవీ అయి, పుట అనే కొలతే లేకుండా పాఠం కిందికి సాగిపోవడం దాని స్వభావం. పరీక్ష హాల్‌టికెట్టో పొలం అడంగలో బ్రౌజరులోనే తెరుచుకుని, అక్కడి నుంచే నెట్ సెంటరు ప్రింటరులోకి వెళ్లే ఈ రోజుల్లో ఆ రెండింటి పొత్తు సహజంగా అనిపిస్తుంది గాని, అది కుదరడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. కుదిర్చినది కూడా ప్రధానంగా పాఠకుల సౌకర్యం కాదు, భద్రత గురించిన భయం. పైగా ఆ పొత్తులో నిలిచినది పత్రపు రూపం గురించిన హామీ మాత్రమే; పత్రంలోని అక్షరం గురించిన హామీ పీడీఎఫ్ మొదట ఇవ్వలేదు, ఆ లోటు తెలుగు వంటి లిపులకు ఎక్కువగా తగిలింది.

కథకు మూలం తెర కాదు, ప్రింటరు. జెరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో ఇంటర్‌ప్రెస్ అనే ముద్రణ భాష మీద పనిచేసిన జాన్ వార్నాక్, చార్ల్స్ గెష్కీ, దానిని బజారులోకి తేవడానికి యాజమాన్యం చొరవ చూపకపోవడంతో బయటికి వచ్చి, 1982 డిసెంబరులో ఎడోబీ సంస్థను స్థాపించారు. ఆ పేరు వార్నాక్ ఇంటి వెనక పారే ఒక వాగుది. వారు రూపొందించిన పోస్ట్‌స్క్రిప్ట్, పుట మీద ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో, ఏ అక్షరం ఏ కొలతలో ఎక్కడ పడాలో ప్రింటరుకు చెప్పే ప్రోగ్రామింగు భాష. 1985లో ఆపిల్ అమ్మకానికి పెట్టిన లేజర్‌రైటర్ ప్రింటరులో ఈ భాషను అర్థం చేసుకునే ఏర్పాటు ఉండేది. అంగుళానికి 300 చుక్కల సాంద్రతతో అచ్చు వేసే ఆ యంత్రం ధర 6,995 డాలర్లు, దానిలోని ప్రాసెసరు అది పనిచేసిపెట్టే మెకింటాష్ కంప్యూటరులోని ప్రాసెసరు కన్నా వేగమైనది. అదే ఏడాది వచ్చిన పుటల కూర్పు ప్రోగ్రాము పేజ్‌మేకర్‌తో కలిసి ఇది డీటీపీ అనే కొత్త వృత్తికి పునాది వేసింది. తెలుగునాట వీధివీధినా వెలిసిన డీటీపీ సెంటర్ల వంశవృక్షం ఇక్కడికే చేరుతుంది.

పోస్ట్‌స్క్రిప్ట్‌కు ఒక చిక్కు ఉంది. అది ప్రోగ్రాము కనుక, 40వ పుట ఎలా ఉంటుందో తెలియాలంటే మొదటి పుట నుంచి అన్నిటినీ నడిపించక తప్పదు. 1990వ దశకం తొలినాళ్లలో వార్నాక్ కామెలాట్ అనే పేరుతో రాసిన ప్రతిపాదన ఈ చిక్కును విప్పింది. చిత్రించే ఆజ్ఞలను ఉంచుకుని, ఆవృత్తులు, షరతులు వంటి ప్రోగ్రాము లక్షణాలను వదిలేస్తే, ప్రతి పుటా దేనికదే స్వతంత్రంగా నిలబడుతుంది; వాడిన ఫాంటును కూడా ఫైలులోనే పొదిగితే అవతలి యంత్రంలో ఆ ఫాంటు లేకపోయినా నష్టం లేదు. ఆ ఆలోచన నుంచి వచ్చిన పీడీఎఫ్ ఫైలును లోపలికి వెళ్లి చూస్తే అంకెలు వేసిన వస్తువుల వరస కనిపిస్తుంది: ఒకటి పుట, ఒకటి ఫాంటు, ఒకటి బొమ్మ, ఒకటి పుట మీద గీయవలసినవాటి జాబితా. దూరాలన్నీ అంగుళంలో 72వ వంతు ప్రమాణంగా, పుట ఎడమ అడుగు మూల నుంచి లెక్కకు వస్తాయి. ఏ వస్తువు ఫైలు మొదటి నుంచి ఎన్నో బైటు దగ్గర ఉందో చెప్పే సూచిక మాత్రం పుస్తకాల్లోని పదసూచిక లాగా చిట్టచివర ఉంటుంది. ఫైలును చదివే ప్రోగ్రాము ముందుగా తోక పట్టుకుని, ఆ సూచిక ద్వారా కావలసిన పుటకు ఎగబాకుతుంది. సొంత డిస్కు మీద ఇది చక్కని ఏర్పాటు. టెలిఫోను తీగల మీదుగా చుక్కలు చుక్కలుగా ఫైలు దిగివచ్చే కాలంలో ఇదే పెద్ద గుదిబండ అయింది.

ఈ ఫైళ్లను తయారు చేసి చూపించే ఆక్రోబాట్ 1993 జూన్‌లో విడుదలైంది. చదవడానికి మాత్రమే పనికొచ్చే రీడరును కూడా ఎడోబీ తొలుత 50 డాలర్లకు అమ్మింది. చదవడానికే డబ్బు కట్టమంటే చదివేవారు రారన్న సంగతి తెలిసివచ్చి, కొద్దికాలానికే దానిని ఉచితం చేసింది. కామన్‌గ్రౌండ్, ఎన్వాయ్, రెప్లికా వంటి పోటీ ఫార్మాట్లు తెరమరుగు కావడానికి ఈ నిర్ణయం చాలావరకు కారణం. అమెరికా ఆదాయపు పన్ను విభాగం తన ఫారాలను పీడీఎఫ్ రూపంలో అందించడం ఆ ఫార్మాటుకు తొలి పెద్ద ఊతం. పన్ను ఫారంలో గడి ఉండవలసిన చోట ఉండి తీరాలి, దానిని ఇంట్లో అచ్చు తీసుకుని పూరించి పంపాలి. తెర వెడల్పును బట్టి గడులు జరిగిపోయే వెబ్ పుట ఆ పనికి రాదు.

అదే 1993లో బొమ్మలతో కూడిన మొజాయిక్ బ్రౌజరు జనంలోకి వచ్చింది. తనకు తెలియని రకం ఫైలు ఎదురైతే ఆ రోజుల్లో బ్రౌజరు దానిని దించి, కంప్యూటరులో ఉన్న మరో ప్రోగ్రాముకు అప్పగించి చేతులు దులుపుకునేది. ఎదురైన ఫైలు ఏ రకమో బ్రౌజరుకు చెప్పేది సర్వరు దానితోపాటు పంపే చిన్న చీటీ. ఇది చూపించవలసినదా, దించి దాచవలసినదా అన్నది కూడా అలాంటి మరో చీటీ చెబుతుంది. ఒకే రకం ఫైలు ఒక ప్రభుత్వ వెబ్‌సైటులో ఎదుటే తెరుచుకుని, మరో దానిలో నేరుగా డౌన్‌లోడ్ల అరలోకి వెళ్లిపోవడానికి ఈనాటికీ ఆ రెండో చీటీయే సాధారణ కారణం.

బయటి ప్రోగ్రామును బ్రౌజరు కిటికీలోకే రప్పించే ఏర్పాటు 1996లో నెట్‌స్కేప్ నావిగేటర్ రెండో వెర్షనుతో స్థిరపడింది. ప్లగిన్ అంటే బ్రౌజరు తన పుటలో కొంత జాగా గీసి ఇవ్వగా, ఆ జాగాలో తన ఇష్టం వచ్చినట్లు చిత్రించుకునే పరాయి ప్రోగ్రాము. తెలివిగా అమరిన ఈ ఒప్పందం వెనక ఎడోబీ ఇంజినీర్ల చొరవ ఉంది. పీడీఎఫ్‌ను బ్రౌజరులో చూపించాలన్న కోరికే ఆ తర్వాత ఫ్లాష్ మొదలుకొని ఎన్నో ప్లగిన్లు నడిచిన దారిని వేసింది. అదే ఏడాది వచ్చిన ఆక్రోబాట్ 3, తోక దగ్గరి సూచిక సమస్యకు కూడా ఒక మందు తెచ్చింది. మొదటి పుటకు కావలసిన వస్తువులను, వాటి సూచికను ఫైలు తలభాగానికి తెచ్చి వరసగా పేర్చడం ఆ మందులో ఒక పాలు. ఫైలు మొత్తం కాకుండా ఫలానా బైటు నుంచి ఫలానా బైటు వరకే పంపమని సర్వరును అడగడం మరో పాలు. రెండూ కలిస్తే, 300 పుటల నివేదికలో మొదటి పుట కొన్ని క్షణాల్లో కనిపించి, పాఠకుడు 120వ పుట అడిగితే ఆ పుట ముక్కలే దిగివస్తాయి. ఫాస్ట్ వెబ్ వ్యూ అనే పేరుతో ఆక్రోబాట్ ఫైలు వివరాల్లో కనిపించే అవును, కాదు అన్న మాట దీని గురించినదే. పీడీఎఫ్ చరిత్రలో వెబ్ కోసం ఫైలు తన ఒళ్లు వంచిన సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ముఖ్యమైనది.

అయినా ఆ కాపురం సుఖంగా సాగలేదు. పీడీఎఫ్ లంకెను నొక్కగానే బ్రౌజరు బిగుసుకుపోవడం, రీడరు తన అనుబంధాలను ఒక్కొక్కటిగా ఎక్కించుకునేదాకా తెర తెల్లబోయి ఉండడం, ఒక్కోసారి రీడరు కూలుతూ బ్రౌజరును కూడా వెంట తీసుకుపోవడం ఆ కాలపు వాడుకరులకు నిత్యానుభవం. తెర మీద ఉపయోగ సౌలభ్యాన్ని అధ్యయనం చేసిన జేకబ్ నీల్సన్ 2003లో పీడీఎఫ్ తెర మీద చదవడానికి తగదని ఘాటుగా రాస్తూనే, అచ్చు తీసుకోవడానికి మాత్రం అది మంచిదేనని ఒప్పుకున్నాడు. ఈ రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. రెండు నిలువు వరసల్లో కూర్చిన ఏ4 పుట, అడ్డంగా పరుచుకున్న తెర మీద పైకీ కిందికీ ఆడక తప్పని వస్తువు. అదే పుట కాగితం మీద పడితే చదువరి కంటికి సరిగ్గా అమరుతుంది.

ప్లగిన్ల కాలాన్ని ముగించినది మాత్రం నిదానం కాదు, దొంగలు. పీడీఎఫ్ లోపల జావాస్క్రిప్టు, రకరకాల బొమ్మల కుదింపు పద్ధతులు, ఫాంటు ప్రోగ్రాములు చేరే కొద్దీ వాటిని విడదీసే కోడు పెరిగి, అందులోని ప్రతి లొసుగూ కంప్యూటరులోకి దొడ్డిదారి అయింది. 2009 ఫిబ్రవరిలో బయటపడిన ఒక లొసుగు, నలుపు తెలుపు స్కానింగు బొమ్మలను కుదించే జేబీఐజీ2 అనే పద్ధతిని చదివే భాగంలో ఉంది; దానిని ఆధారం చేసుకుని దాడులు అప్పటికే జరుగుతున్నాయి. ఆ ఏడాదే ఎడోబీ మూడు నెలలకొకసారి భద్రతా సవరణలు విడుదల చేసే పద్ధతి మొదలుపెట్టింది. 2010 ఆగస్టులో ఐఫోను బ్రౌజరులో ఒక వెబ్‌సైటును తెరిచి వేలితో ఒక గీత జరిపితే చాలు, పీడీఎఫ్‌లో దాచిన దొంగ ఫాంటు ఆపిల్ వేసిన తాళాలను విప్పేసింది. ఆపిల్ వ్యవస్థలో పీడీఎఫ్ బయటివాడు కాదు. 2001 నాటి మ్యాక్ ఓఎస్ టెన్ చిత్రణ విధానమే దాని నమూనాను అనుసరించినది, 2005 నుంచి సఫారీ బ్రౌజరు ప్లగిన్ అవసరం లేకుండానే పీడీఎఫ్‌ను చూపిస్తోంది. ఇంట్లో మనిషైనా తలుపు సందులు సందులేనని ఆ సంఘటన చూపింది.

గూగుల్ ఎంచుకున్న మార్గం, పీడీఎఫ్ చదివే యంత్రాంగాన్ని బ్రౌజరులోనే పెట్టి దాని చుట్టూ కంచె కట్టడం. ఫాక్సిట్ సంస్థ కోడు ఆధారంగా తయారైన వ్యూయరు 2010 డిసెంబరు నాటి క్రోమ్ 8లో అందరికీ అందింది. శాండ్‌బాక్స్ అనే ఆ కంచె లోపల నడిచే ప్రోగ్రాము దారి తప్పినా, బయటి ఫైళ్లను ముట్టుకోలేదు. ఆ కోడును 2014లో పీడీఎఫియమ్ పేరుతో బహిరంగపరిచారు. మొజిల్లా ఎంచుకున్న మార్గం మరింత సాహసమైనది, ఈ చరిత్రలో అన్నిటికన్నా అందమైనది కూడా. 2011లో మొదలైన పీడీఎఫ్.జేఎస్, పీడీఎఫ్ చదివే ప్రోగ్రామును మొత్తంగా జావాస్క్రిప్టులో, అంటే ఏ మామూలు వెబ్ పుటైనా వాడుకునే భాషలోనే తిరగరాసింది. అందువల్ల ఫైలులో ఎంత విషం ఉన్నా, అది మామూలు వెబ్ పుట చేయగలిగిన హాని కన్నా ఎక్కువ చేయలేదు. కాన్వాస్ అనే చిత్రఫలకం మీద పుట బొమ్మను గీసి, దాని మీద అదే పాఠాన్ని కంటికి కనిపించని అక్షరాలతో మరో పొరగా పరుస్తుంది. పాఠకుడు మౌసుతో ఎంచుకుని కాపీ చేసేది తాను చూస్తున్న అక్షరాలను కాదు, వాటి మీద పరిచిన ఆ అదృశ్య పొరను. 2013 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ 19తో ఇది అందరికీ చేరింది. 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ (ఒక్క ఫ్లాష్‌కు మినహాయింపుతో) పాత ప్లగిన్ ఒప్పందాన్ని రద్దు చేశాక, ఎడోబీ ప్లగిన్‌కు ఆ రెండు బ్రౌజర్లలో చోటు లేకుండా పోయింది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో ఎడ్జ్ బ్రౌజరులో సొంత వ్యూయరు పెట్టింది గాని, పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మాత్రం చివరిదాకా ప్లగిన్ మీదే ఆధారపడింది.

ముద్రణ దగ్గర ఒక తమాషా మలుపు ఉంది. 2011 ఆగస్టులో క్రోమ్ 13 అచ్చుకు ముందు నమూనా పుటను చూపించడం మొదలుపెట్టినప్పుడు, ఆ నమూనాను తయారు చేసే పద్ధతి ఏమిటంటే, వెబ్ పుటను ముందు పీడీఎఫ్‌గా మార్చి, తన లోపల ఉన్న పీడీఎఫ్ వ్యూయరుతోనే దానిని చూపించడం. పీడీఎఫ్ చదవడానికి తెచ్చుకున్న పనిముట్టు వెబ్ పుటలను కాగితం కొలతకు కోసే కత్తెరగా మారింది. ప్రింటరు పేరు ఉండవలసిన చోట సేవ్ యాజ్ పీడీఎఫ్ అన్న ఎంపిక చేరి, కాగితం అవసరం లేని ముద్రణ ఒకటి వాడుకలోకి వచ్చింది.

కాగితం మీదికి దిగేటప్పుడు వ్యూయర్ల మధ్య తేడాలు బయటపడతాయి. పీడీఎఫ్.జేఎస్‌ను తమ పుటల్లో అమర్చుకున్న వెబ్‌సైట్ల నుంచి చాలా బ్రౌజర్లలో అచ్చు తీస్తే, ప్రతి పుటా ముందుగా అంగుళానికి 150 చుక్కల బొమ్మగా మారి ప్రింటరుకు వెళుతుంది. 1985 నాటి లేజర్‌రైటర్‌లో సగం సాంద్రత అన్నమాట. తెలుగు వత్తులు, గుడుల కొసలు అలికినట్లు పడడానికి ఇదొక కారణం. అమెరికన్ల లెటర్ కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 మిల్లీమీటర్ల పొడవు ఉండగా, మన ఏ4 కాగితం 210, 297. ఒకదాని కోసం కూర్చిన పుట రెండోదాని మీద పడాలంటే ఫిట్ టు పేజీ అన్న మాటను ఎంచుకోవాలి, ఎంచుకుంటే కొలతలు కుంచించుకుపోతాయి. చదువుకునే పత్రానికి ఇది పట్టింపు కాదు గాని, స్కేలు మీద కొలవవలసిన ఇంటి ప్లానుకు, అంటించే చోటుకు సరిపోవలసిన లేబులుకు తేడా కొడుతుంది.

2008 జూలైలో పీడీఎఫ్ ఐఎస్ఓ 32000 అనే సంఖ్యతో అంతర్జాతీయ ప్రమాణమై, ఎడోబీ సొంత ఆస్తి అన్న స్థితి దాటింది. అంతకు కొన్ని నెలల ముందే, 2007 డిసెంబరులో, ఆ సంస్థ పగ్గాలు హైదరాబాదులో పుట్టి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన శంతను నారాయణ్ చేతికి వచ్చాయి. తెలుగువారు సగర్వంగా చెప్పుకునే ఈ సంగతికీ, తెలుగు అక్షరం పీడీఎఫ్‌లో పడే అవస్థకూ సంబంధం లేదు; ఆ అవస్థకు మూలం ఫార్మాటు పుట్టుకలోనే ఉంది.

పీడీఎఫ్ దాచుకునేది అక్షరాలను కాదు, అక్షరాల ఆకారాలను, అవి పడవలసిన చోట్లను. స్త్రీ అన్న మాటను తీసుకుంటే, యూనికోడులో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి అనే ఆరు సంకేతాల వరస. కూర్పు జరిగాక పుట మీద పడేవి సాధారణంగా మూడు ఆకారాలు: గుడి అప్పటికే ఎక్కిన సీ, కింద తవత్తు, పక్కన రవత్తు. ఉచ్చారణలో చివర రావలసిన గుడి ఆకారాల వరసలో మొదటికి వచ్చేసింది. ఏ ఆకారం ఏ అక్షరానిదో చెప్పే పట్టిక ఫైలులో ఉన్నా, అది ఒక్కో ఆకారానికి విడివిడిగా సమాధానం చెబుతుందే గాని తారుమారైన వరసను సరిచేయలేదు. అందుకే బ్రౌజరులో కంటికి ముత్యాల్లా కనిపించిన తెలుగు వాక్యం కాపీ చేసి మరో చోట పెట్టేసరికి వత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట చెల్లాచెదురవుతుంది. అదృశ్య పొరలో ఉన్నది ఆ చెదిరిన వరసే కనుక, వెతికితే మాట దొరకదు. యూనికోడుకు ముందునాటి అను వంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పత్రాలది ఇంకా విడ్డూరం: వాటిలో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో అద్దెకుంటాయి కాబట్టి, కాపీ చేస్తే తెలుగు అన్న జాడే ఉండదు. 1991లోనే యూనికోడులో తెలుగుకు చోటు దొరికినా, అచ్చు రంగం పాత ఫాంట్లను చాలాకాలం వదలలేదు, ఎందుకంటే కాగితం మీద అవి చక్కగా పడుతున్నాయి, కాగితమే గిరాకీ.

పాత పుస్తకాల సంగతి మరొకటి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపించిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడి, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దానికి ఒక ప్రధాన స్కానింగు కేంద్రమైంది. వేలకొద్దీ తెలుగు పుస్తకాలు ఆ విధంగా వెబ్ మీదికి వచ్చాయి గాని, అవి పుటకొక టిఫ్ బొమ్మగా ఉండేవి. వాటిని చూపించడానికి బ్రౌజరులో ప్రత్యేకంగా మరో ప్లగిన్ కావలసి వచ్చేది. పుటలన్నిటినీ దించి ఒకే పీడీఎఫ్‌గా కుట్టే చిన్న ప్రోగ్రాములను పాఠకులే రాసుకున్నారు. తర్వాత ఆ పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవుకు చేరి, పీడీఎఫ్‌లుగా ఏ బ్రౌజరులోనైనా తెరుచుకుంటున్నాయి.

బ్రౌజరు వ్యూయర్లు వదిలేసినవాటిలో సంతకం ఒకటి. సమాచార సాంకేతిక చట్టం 2000 గుర్తించిన డిజిటల్ సంతకం, కాగితం మీది సిరా గీత వంటిది కాదు. ఫైలులోని బైట్ల నుంచి గణించిన ఒక సంఖ్యను రహస్య తాళంతో ముడివేసి ఫైలులోనే ఉంచడం దాని పద్ధతి, ఒక్క బైటు మారినా ముడి సరిపోదు. ఈ-ఆధార్ ఫైలును పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపిన పాస్‌వర్డుతో తెరిస్తే, సంతకం చోట పసుపు రంగు ప్రశ్నార్థకం కనిపిస్తుంది. ఆక్రోబాట్ రీడరులో ధ్రువీకరణ సంస్థను నమ్మదగినదిగా ఒకసారి నమోదు చేస్తే అది ఆకుపచ్చ టిక్కుగా మారుతుంది. క్రోమ్ వ్యూయరు ఆ గణితం జోలికి పోదు, ఫైలులో ఉన్న బొమ్మను ఉన్నట్లే చూపిస్తుంది. దరఖాస్తుదారు నెట్ సెంటరులో బ్రౌజరు నుంచే అచ్చు తీయించుకుంటాడు. కాగితం మీద ఆ ప్రశ్నార్థకం కూడా పడుతుంది, దానిని తీసుకున్న గుమాస్తా పక్కనే సిరాతో మరో సంతకం పెట్టించుకుంటాడు.